గీజర్‌లో సున్నం: ఏడాదికో కాయిల్ మార్చుకోవాల్సిందేనా?

నిజాంపేట_నివాసి:

అందరికీ నమస్తే. గీజర్ గోల. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక ఉన్నవాళ్లు చదివి సలహా ఇవ్వండి.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట, అపార్ట్‌మెంట్. నల్లా నీళ్లు తాగడానికి, వంటకి సరిపోతాయి. స్నానాలకి, బట్టలకి అంతా బోరే, ఎండాకాలం వస్తే ట్యాంకర్. గీజర్ 25 లీటర్లది, కొని మూడేళ్లు దాటింది. మొదటి ఏడాది ఏ పేచీ లేదు. ఇప్పుడేమో స్విచ్ వేసిన ఐదు నిమిషాలకి లోపల పేలాలు వేయిస్తున్నట్టు టపటపమని ఒకటే చప్పుడు. మా చిన్నాడు దాని కిందికి పోవాలంటేనే భయపడుతున్నాడు. ఇదివరకు అరగంటకి ఆరే ఎర్ర లైటు ఇప్పుడు పది నిమిషాలకే ఆరిపోతోంది, అబ్బ ఎంత తొందరగా కాగాయో అనుకుని బకెట్ పెడితే అడుగున నాలుగు చెంబులు వేడి, ఆపైన గోరువెచ్చన, ఆఖర్న చన్నీళ్లు. షవర్ చిల్లుల్లో తెల్లటి పెచ్చులు ఇరుక్కుంటున్నాయి, వారానికోసారి పిన్నీసుతో పొడుచుకుంటున్నా.

కిందటి చలికాలం కాయిల్ కాలిపోయింది. సర్వీసు అబ్బాయి వచ్చి మార్చాడు. పాత కాయిల్ చేతికిచ్చాడు, చూస్తే జొన్నకంకి అంత లావుంది, లోపల రాడ్డు ఉందన్న సంగతే తెలియట్లేదు. "మీ నీళ్లింతే సార్, ఏడాదికో కాయిల్ అనుకోండి" అని బిల్లు చేతిలో పెట్టి వెళ్లాడు. ట్యాంకు లోపల కడగమని అడిగితే అది మా పని కాదన్నాడు. ఇప్పుడు వారం నుంచి కొత్త వరస: గీజర్ వేసిన కాసేపటికి ఇంట్లో కరెంటు మొత్తం టక్కున పోతోంది, చూస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) పడిపోయి ఉంటోంది. గీజర్ ఆపేస్తే మళ్లీ మామూలే.

సలహాలకు మాత్రం కరువు లేదు. ప్లంబరేమో బాత్రూం యాసిడ్ అర లీటరు పోస్తే అంతా కొట్టుకుపోతుందంటాడు. పై ఫ్లాట్ అంకుల్ పైపుకి అయస్కాంతం కట్టించుకున్నారు, మహత్తరంగా ఉందంటారు. అమ్మ వాట్సాప్‌లో చూసిందట, ట్యాంకులో పటిక వేయమంటోంది. ఏది నమ్మాలో తెలియట్లేదు. సొంతంగా శుభ్రం చేసుకోవచ్చా? మళ్లీ పేరుకోకుండా ఏం చేయాలి? నీళ్లలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ నిజంగా పనిచేస్తుందా, లేక అదీ ఒక వ్యాపారమేనా?

పాత_మెకానిక్:

అన్నా, ముందు ఆ గీజర్ ఎంసీబీ (బోర్డులో దాని కరెంటు కట్ చేసే స్విచ్) ఆపెయ్యండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఆర్‌సీసీబీ ఊరికే పడదు. కాయిల్ పైతొడుగు చిట్లి కరెంటు నీళ్లలోకి లీకవుతోంది. అది పడుతోంది కాబట్టే మీరు ఇంకా పోస్టు పెట్టగలుగుతున్నారు. "బకెట్ నిండాక స్విచ్ ఆపేసే కదా స్నానం చేస్తున్నాం" అని సరిపెట్టుకోవద్దు, కొత్త కాయిల్ పడేదాకా దాని జోలికి పోవద్దు. పొయ్యి మీద నీళ్లు పెట్టుకోండి నాలుగు రోజులు.

ఇరవై ఏళ్లు గుంటూరు, విజయవాడ వైపు ఇదే పని చేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే జబ్బు. పేలాల చప్పుడంటే, కాయిల్ మీద పట్టిన సున్నం పెచ్చు కింద కొంచెం నీరు చిక్కుకుంటుంది, అది అక్కడికక్కడే ఆవిరై పెచ్చుని తన్నుకుని బయటికొస్తుంది. లైటు తొందరగా ఆరిపోవడం కూడా అంతే. థర్మోస్టాట్ దూరే గొట్టం కాయిల్ పక్కనే ఉంటుంది. సున్నం పెరిగి పెరిగి ఆ రెండూ ఒకే ముద్దయిపోతాయి. కాయిల్ వేడి నీళ్లకంటే ముందు థర్మోస్టాట్‌కి తగిలి, నీళ్లు కాగిపోయాయనుకుని అది కట్ చేస్తుంది. చాలామంది థర్మోస్టాట్ పోయిందని మార్పిస్తారు, డబ్బులు దండగ.

ఇంకోటి. సున్నం పడితే కరెంటు బిల్లు రెట్టింపు అవుతుందని ఊదరగొడతారు, నేను ఒప్పుకోను. 25 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 55కి తేవాలంటే ముప్పావు యూనిట్ పైన, దగ్గర దగ్గర 0.87 యూనిట్ కావాలి, 2000 వాట్ల కాయిల్‌కి ఇరవయ్యారు నిమిషాల పని. ఆ వేడి సున్నం ఉన్నా లేకపోయినా చివరికి నీళ్లలోకే పోవాలి, వేరే దారి లేదు దానికి. కాకపోతే పెచ్చు దుప్పటిలా కప్పేసరికి కాయిల్ లోపల వేడి పెరిగిపోయి అదే కాలి చస్తుంది. మీకు నష్టం బిల్లులో కాదు, కాయిల్‌లో. పదే పదే ట్రిప్ అవుతూ ఆరిపోతూ స్నానం ఆలస్యమవడం ఒకటి.

ఇక కడగడం. వారంటీ ఉంటే ముందు కార్డు చదవండి, మీరు విప్పితే పోతుంది. కొన్ని కార్డుల్లో నీళ్ల కాఠిన్యం (కరిగిన కాల్షియం, మెగ్నీషియం) ఇంత దాటితే ఎలాగూ వర్తించదని సన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చూడండి. ఎలక్ట్రికల్ పని చేయి తిరిగినవాళ్లయితేనే సొంతంగా దిగండి, లేదంటే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎదురుగా నిలబడి చేయించుకోండి. ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో చూసి, లోపల నీళ్లు చల్లారేదాకా ఆగాలి. చన్నీళ్లు వచ్చే వాల్వు కట్టేసి, బాత్రూంలో వేడినీళ్ల కుళాయి తెరిచి పెట్టండి, గాలి లోపలికి పోవాలిగా. కింద చన్నీళ్ల వైపు నట్టు విప్పితే నీళ్లు వాటంతటవే వచ్చేస్తాయనుకుంటారు, రావు. అక్కడుండే మల్టీఫంక్షన్ వాల్వు నీళ్లని వెనక్కి రానివ్వదు. దాని మీట ఎత్తి వదలాలి లేదా వాల్వే తీసెయ్యాలి. కింద రెండు బకెట్లు సిద్ధంగా పెట్టుకోండి.

తర్వాత అడుగు మూత విప్పి, వైర్లు ముట్టుకోక ముందే ఫోన్‌తో ఫోటో తీయండి. ఇది మర్చిపోయి సాయంత్రం ఏడింటికి నాకు ఫోన్ చేసినవాళ్లు లెక్కలేనంతమంది. ఫ్లాంజి (కాయిల్ బిగించి ఉండే పళ్లెం) నట్లు తీస్తే కాయిల్, థర్మోస్టాట్ గొట్టం, మెగ్నీషియం రాడ్డు (తను అరిగి ట్యాంకుని తుప్పు నుంచి కాపాడేది) కలిసి బయటికి రావాలి. మీ కేసులో రావు, జొన్నకంకి అన్నారుగా, కన్నంలోంచి పట్టదు. బలంగా లాగితే ఫ్లాంజి వంగుతుంది. చిన్నగా అటూ ఇటూ తిప్పుతూ, కన్నం దగ్గర పెచ్చు చెక్కపుల్లతో రాల్చుకుంటూ తీయాలి. అడుగున ఇసకలా, గులకరాళ్లలా బోలెడు ఉంటుంది, చేత్తోనో ప్లాస్టిక్ గరిటెతోనో తోడెయ్యండి. స్క్రూడ్రైవర్ మాత్రం లోపల పెట్టొద్దు. గ్లాస్ కోటింగ్ ట్యాంకుల్లో ఆవగింజంత చిట్లినా అక్కణ్నుంచే తుప్పు మొదలై ట్యాంకు కారుతుంది, దానికిక మందు లేదు.

కాయిల్ బాగుంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లీటరు నీళ్లకి 50 గ్రాముల చొప్పున కలిపి, పైన టెర్మినళ్లు తడవకుండా కాయిల్ నానబెట్టండి. మీది ఎలాగూ పోయింది, కొత్తదే వేయండి. రబ్బరు గ్యాస్కెట్ తప్పకుండా మార్చాలి, పాతది బాగానే ఉందే అని మళ్లీ పెడితే పొద్దున్నకి నేల తడుస్తుంది. అంతా బిగించాక వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచి నీళ్లు వదలండి, బుసబుసమని గాలి పోయి ధార నిండుగా వచ్చాకే స్విచ్. ఖాళీ ట్యాంకులో కాయిల్ వెలిగిందో, కొత్తది కొన్నంత సేపు కూడా ఉండదు.

బాత్రూం యాసిడ్ అన్న ప్లంబర్‌కి దండం పెట్టి పంపించెయ్యండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. సున్నం పోయేది నిజమే, దాంతోపాటు స్టీలు ట్యాంకు అతుకుల దగ్గర చిల్లులు పడతాయి. మూసిన బాత్రూంలో ఆ పొగ పీల్చడం ఒకటి, అదే గదిలో ఎవరైనా బ్లీచింగ్ వాడి ఉంటే క్లోరిన్ గ్యాసు పుట్టడం ఇంకోటి.

పల్నాటి_కోడలు:

మాది పిడుగురాళ్ల దగ్గర. ఊరి చుట్టూ సున్నపు బట్టీలే. ఆ రాయి కాలిస్తే గోడలకేసే సున్నం, ఆ రాయి మీదుగా వచ్చిన నీళ్లు కాస్తే గీజర్‌లో సున్నం. కాబట్టి ఈ విషయంలో మాకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు 😄

నేను కాపురానికి వచ్చిన కొత్తలో వేణ్నీళ్లకి రాగి కాగు ఉండేది, పెరట్లో కట్టెల పొయ్యి మీద. దానికి లోపల బూడిదరంగు తెల్లటి పెంకు కట్టేది. అత్తయ్యగారు పచ్చడి పిసికాక మిగిలిన చింతపండు పిప్పి పారెయ్యనిచ్చేవారు కాదు, రెండు వారాలకోసారి కాగులో వేసి నీళ్లు పోసి రాత్రంతా ఉంచి పొద్దున్నే కొబ్బరి పీచుతో రుద్దితే పెంకు ఊడొచ్చేది. పులుపుకి సున్నం ఆగదని ఆవిడకి ఎవరు చెప్పారో. మెకానిక్ అన్నగారి నిమ్మ ఉప్పు చదవగానే అదే గుర్తొచ్చింది. ఆ తర్వాత బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు వచ్చింది, దాని మీద పెంకుని మా మరిది కత్తి వెనక వైపుతో టకటకా కొట్టి రాల్చేవాడు. అలా కొట్టీ కొట్టీ రాడ్డుకి పగులిచ్చి ఒకరోజు షాక్ కొట్టింది, అదృష్టం బాగుండి చెయ్యి రాడ్డు నుంచి విడిపోయి బతికిపోయాడు. అప్పట్నుంచి రాడ్డు మా ఇంట్లో లేదు.

నేను చెప్పేది ఒకటే. గీజర్ కింద వేడి తిప్పే బటన్ చూడండి, చాలా ఇళ్లల్లో చివరిదాకా తిప్పేసి ఉంటుంది. చర్మం కాలేంత వేడి చేసి, దాంట్లో సగం బకెట్ చన్నీళ్లు కలుపుకుంటాం. ఎందుకట? మేము 50–55 దగ్గర పెట్టాక పెంకు కట్టడం సగానికి సగం తగ్గినట్టు అనిపించింది. కొలవలేదు, కానీ కాయిల్ నాలుగో ఏడు నడుస్తోంది, అంతకుముందు రెండేళ్లకే పోయేది. ఇంకో అలవాటు, స్నానానికి అరగంట ముందు వేసి, అయ్యాక ఆపేస్తాం. పొద్దుటి నుంచి రాత్రిదాకా వేసి ఉంచితే అది చల్లారినప్పుడల్లా మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటుంది.

పటిక గురించి అమ్మగారికి చెప్పండి, అది బురద నీళ్లని తేర్చడానికి. కాలవ నీళ్లు బిందెలో పోసి పటిక తిప్పేవాళ్లం గుర్తుందా, మట్టి అడుక్కి దిగేది. సున్నం అందులో కరిగిపోయి ఉంటుంది, కంటికే కనపడదు, పటికకి ఎలా చిక్కుతుంది?

రిటైర్డ్_మాస్టారు:

కెమిస్ట్రీ చెప్పిన వాడిని కాబట్టి నాలుగు ముక్కలు. వాన నీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కొంచెం పుల్లబడుతుంది, ఆ పులుపుతో రాయిలో కాల్షియాన్ని బైకార్బొనేట్‌గా కరిగించుకుంటుంది. నీటిని కాచగానే ఆ వాయువు బయటికి పోతుంది, కాల్షియం కార్బొనేట్ అయి రాయిగా మారి ఎక్కడ వేడి ఎక్కువుంటే అక్కడ అతుక్కుంటుంది. మామూలు ఉప్పు, పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతాయి కదా, ఇది తిరగబడ్డ రకం, వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే ట్యాంకు గోడలకంటే కాయిల్ మీద ముందు పడుతుంది. పల్నాటి అమ్మాయి చెప్పిన 50–55 మాట వెనక ఉన్న శాస్త్రం ఇదే. అరకు దారిలో బొర్రా గుహలు చూసి ఉంటారు, అక్కడ చుక్క చుక్కగా వాయువు పోగొట్టుకుంటూ వేల ఏళ్లు పట్టి కట్టిన రాయి, మీ గీజర్ కట్టిన రాయి ఒకటే పదార్థం.

నిజాంపేట కింద సున్నపురాయి లేదు, గ్రానైటే. అయినా లోతు బోరు నీరు రాతి పగుళ్లలో ఎన్నో ఏళ్లు నిలిచి నిలిచి ఆ రాయిలోని కాల్షియం, మెగ్నీషియం లాక్కుంటుంది. కాబట్టి మా ఊళ్లో సున్నపురాయి లేదు కదా అన్న ధీమా పనికిరాదు.

అందరూ చేసే పొరపాటు: పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ముంచి "900 వచ్చింది, గట్టి నీళ్లు" అంటారు. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ, అందులో మామూలు ఉప్పు కూడా ఉంటుంది, ఉప్పు గీజర్‌ని ఈ రకంగా ఏమీ చేయదు. మీకు కావాల్సింది కాఠిన్యం. చుక్కల మందు కిట్ తక్కువ ధరకే దొరుకుతుంది, గొట్టంలో నీళ్లు తీసుకుని ఎర్రగా ఉన్న రంగు నీలంగా మారేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టడమే. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాములు అంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. అది తాగడానికి పెట్టిన గీత, గీజర్ కోసం పెట్టింది కాదు, 300 నీళ్లే గీజర్‌కి చాలా ఎక్కువ.

ఒక చిన్న లెక్క. లీటరుకి 50 మిల్లీగ్రాములే గీజర్‌లో దిగాయనుకోండి, రోజూ 60 లీటర్లు కాస్తే 3 గ్రాములు, ఏడాది పొడవునా వాడితే కిలో పైన. ఆ కిలో సున్నాన్ని నిమ్మ ఉప్పుతో పూర్తిగా కరిగించాలంటే కిలోంపావు పైనే నిమ్మ ఉప్పు కావాలి. వంద గ్రాముల పొట్లం ట్యాంకులో వేసి "ఏం పని చేయలేదండీ" అనేవాళ్ల సంగతి ఇదే. మెకానిక్‌గారు చెప్పిన వరసే సరైంది, ముందు చేత్తో తోడేసి, మిగిలిన పల్చటి పొరకే పులుపు. దానికి నాదొక సవరణ, బాగా మరిగే నీళ్లలో నిమ్మ ఉప్పు కలపొద్దు, అప్పుడు ఏర్పడే కాల్షియం సిట్రేట్ వేడిలో కరగక తెల్లటి బురదలా మళ్లీ అడుగున చేరుతుంది. గోరువెచ్చన చాలు. మెగ్నీషియం రాడ్డుని కూడా ఆ ద్రావణంలో ముంచకండి, యాసిడ్ ముందు దాన్నే తినేస్తుంది.

సాఫ్ట్‌నర్ మోసం కాదు. లోపలుండే రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. అందుకే సాఫ్ట్‌నర్ పెట్టాక కూడా టీడీఎస్ మీటర్ ఇంచుమించు అదే అంకె చూపిస్తుంది, జనం మోసపోయామని గొడవకు దిగుతారు. చుక్కల కిట్‌తో చూస్తే కదా తెలిసేది! అయితే దానికి ఆకలెక్కువ. 25 లీటర్ల రెజిన్, 600 కాఠిన్యం ఉన్న నీళ్లయితే రెండు వేల లీటర్లు దాటేసరికి అలసిపోతుంది, మళ్లీ మూడు నాలుగు కిలోల ఉప్పుతో కడిగి తేరబెట్టాలి. ఆ ఉప్పునీళ్లు ఎక్కడికి వదులుతారో కూడా ఆలోచించుకోవాలి, మొక్కలకి పోస్తే చచ్చిపోతాయి. బీపీ ఉండి ఉప్పు తగ్గించమన్నవాళ్లు సాఫ్ట్‌నర్ నీళ్లు తాగకూడదు, స్నానానికీ బట్టలకీ మాత్రమే.

గీజర్ ముందు పెట్టే ఫాస్ఫేట్ గుళికల గొట్టం చౌక. కాల్షియాన్ని తీసెయ్యదు, రాయిగా గడ్డకట్టకుండా కొంతవరకు ఆపుతుంది. వేడి మరీ ఎక్కువైతే దాని శక్తి తగ్గుతుంది, కాబట్టి దాంతోనూ బటన్ తగ్గించాల్సిందే. అయస్కాంతం విషయంలో నేను నమ్మదగిన ఫలితం ఎక్కడా చూడలేదు. ఆ అంకుల్‌గారి గీజర్ ఒకసారి విప్పి చూడమనండి.

రీడింగ్_తెలుగోడు:

ఇంగ్లండ్ నుంచి. మా రీడింగ్ ఊరు, లండన్ వైపు కింద అంతా సుద్దరాయి, నీళ్లు భలే గట్టివి. కొత్తగా వచ్చినప్పుడు టీ మీద తెట్టు చూసి పాలు విరిగాయనుకుని మూడు రోజులు పారబోశాను. ఇక్కడ సూపర్ మార్కెట్లో కెటిల్ కడిగే పొడి పొట్లాలు బిస్కెట్లలా అమ్ముతారు, వెనకాల చదివితే చాలావాటిలో ఉండేది మాస్టారు చెప్పిన సిట్రిక్ యాసిడే. మన కిరాణా కొట్టు నిమ్మ ఉప్పు ఇక్కడ డబ్బాలో పెట్టి నాలుగు రెట్ల ధర.

ఒక్క అనుమానం. ఇక్కడ వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇళ్లల్లో 60 డిగ్రీల కంటే తగ్గించొద్దంటారు, లెజియోనెల్లా అనే బాక్టీరియా గోరువెచ్చటి నీళ్లలో పెరుగుతుందని. 50 అంటే మరి ఫర్వాలేదా?

పాత_మెకానిక్:

మంచి ప్రశ్న తమ్ముడూ. మీ దగ్గర పెద్ద ట్యాంకు, ఇరవై నాలుగు గంటలూ అలా వేడిగా నిలవ. మా దగ్గర 15, 25 లీటర్లు, పొద్దున కాచి పొద్దునే ఖాళీ చేస్తాం. అయినా వారం పది రోజులు ఊరెళ్లి వచ్చి, ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లతో నేరుగా షవర్ కింద నిలబడటం నాకూ ఇష్టం ఉండదు. వచ్చాక ఒకసారి బటన్ పూర్తిగా తిప్పి 60 దాటేలా కాచి, ఆ నీళ్లు వదిలేసి, మళ్లీ 55కి తెచ్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఉంటే 60 దగ్గరే ఉంచి, సున్నం ఏడాదికోసారి కడుక్కోండి, అంతే. సున్నం కోసం మనుషుల్ని ఇబ్బంది పెట్టుకోలేం కదా.

మాస్టారి సవరణకి థాంక్స్, సలసల కాగే నీళ్లలో కలిపి నేనూ ఆ తెల్ల బురద చాలాసార్లు చూశాను, నిమ్మ ఉప్పు కల్తీదేమో అనుకునేవాణ్ని.

నిజాంపేట_నివాసి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఆ రోజే ఎంసీబీ ఆపేశాను, నాలుగు రోజులు గ్యాస్ పొయ్యి మీద గిన్నెలతో నీళ్లు మోసి మోసి నడుము పట్టేసింది, మా ఆవిడ మాత్రం "ఇప్పుడు తెలిసిందా" అని ఒకటే నవ్వు. ఆదివారం తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చాడు, మెకానిక్ అన్న పోస్టు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని ఇద్దరం కలిసి విప్పాం.

కాయిల్ నిజంగానే కన్నంలో ఇరుక్కుంది. ముప్పావుగంట పట్టింది బయటికి రావడానికి. వంపు దగ్గర వెంట్రుక మందాన పగులుంది, అక్కణ్నుంచే లీకు. ట్యాంకు అడుగున తోడింది తోడినట్టు పాత పేపర్ మీద ఆరబోసి వంటింటి త్రాసులో పెడితే కిలో ఎనిమిది వందల గ్రాములు! కిందటేడు కాయిల్ మార్చినప్పుడే ఇది ఉండి ఉంటుంది, అలాగే వదిలేసి కొత్త కాయిల్‌ని దాంట్లోనే పాతిపెట్టి పోయాడన్నమాట. మెగ్నీషియం రాడ్డు అసలు లేదు, మధ్యలో ఉండే ఇనప తీగ మాత్రం వేలాడుతోంది. అది ఉంటుందని, అరిగిపోతుందని మూడేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

కొత్త కాయిల్, రాడ్డు, గ్యాస్కెట్ వేశాం. ఇప్పుడు చప్పుడు లేదు, లైటు ఇరవయ్యైదు నిమిషాలకి ఆరుతోంది, మెకానిక్ అన్న లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయింది. చుక్కల కిట్ తెప్పించి చూస్తే బోరు 540, నల్లా 140, ట్యాంకర్ అయితే 620. పై ఫ్లాట్ అంకుల్‌వి అయస్కాంతానికి ముందూ తర్వాతా చూశాను, రెండూ 540. అయస్కాంతం తీసెయ్యదు, మార్చుతుందంతే, నీ కిట్‌కి అది తెలీదు అన్నారు, నేనేం మాట్లాడలేదు. సాఫ్ట్‌నర్ సంగతి కమిటీ మీటింగ్‌లో పెట్టాను, ఉప్పు ఖర్చు ఎవరిదనే దగ్గర ఆగిపోయింది, అద్దెకుండేవాళ్లం మేమెందుకివ్వాలని ఒకరు. ప్రస్తుతానికి ఫాస్ఫేట్ గొట్టం పెట్టి బటన్ 55 మీద ఉంచాను.

రెండు సందేహాలు మిగిలాయి. రాడ్డు ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి? వంటింట్లో 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ ఒకటుంది, దాన్నీ ఇలాగే విప్పాలా? బిగించాక తీసిన ఫోటో కూడా పెడుతున్నా, చూసి తప్పులుంటే చెప్పండి.

పాత_మెకానిక్:

కిలో ఎనిమిది వందలా, నేను చూసినవాటిలో అది మధ్యరకమే.

రాడ్డు మీ నీళ్లకి ఆర్నెల్లకోసారి చూడండి, సగానికి సన్నబడితే మార్చెయ్యండి. అది కరిగిపోయి ట్యాంకుని తుప్పు పట్టకుండా కాపాడేది, అరగడమే దాని ఉద్యోగం. రాడ్డు అయిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. మీ ట్యాంకు లోపల ఎర్రటి మరకలేమీ కనపడలేదు కదా? కనపడకపోతే బతికిపోయారు.

3 లీటర్లది చిన్నది, దాంట్లో కాయిల్‌కి 3000 వాట్లు, పెచ్చు పడితే ఇంకా తొందరగా కాలుతుంది. వాటిలో చాలావాటికి విప్పే ఫ్లాంజి ఉండదు. కరెంటు ఆపి, గోడ మీద నుంచి దించి, నీళ్లు ఒంపేసి, గోరువెచ్చటి నిమ్మ ఉప్పు నీళ్లు వేడినీళ్లు వచ్చే గొట్టంలోంచి గరాటుతో నింపి రెండు మూడు గంటలు పెట్టండి. నురగ వస్తుంది, గొట్టాలు మూసెయ్యొద్దు, గ్యాసుకి దారుండాలి. తర్వాత రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి బిగించండి. ఆ గీజర్ నీళ్లు వంటకి వాడతారా? వాడకపోతేనే మంచిది.

ఫోటో చూశాను. గ్యాస్కెట్ అంచు ఎడమ వైపు కొంచెం బయటికి పొడుచుకొచ్చినట్టుంది. రేపు పొద్దున కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి.

నిజాంపేట_నివాసి:

రేపటిదాకా ఎందుకు అన్నా, ఇప్పుడే చూశా, చుక్క వేలాడుతోంది. నట్లు ఇంకో చుట్టు తిప్పితే చాలా, మళ్లీ మొత్తం విప్పాలా?

పాత_మెకానిక్:

ఎంసీబీ ఆపండి ముందు. ఒకే నట్టుని గట్టిగా తిప్పొద్దు, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా పావు చుట్టు చొప్పున బిగించండి. గంట ఆగి పొడిగుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ చుక్క వస్తే విప్పాల్సిందే, ఈసారి గ్యాస్కెట్ గాడిలో కూర్చున్నాకే నట్లు పెట్టండి. వైర్లన్నీ ఆ కిందే ఉన్నాయి, చుక్కే కదా అని ఊరుకోవద్దు.